ఆపదలో ఉన్నవాళ్ల కోసం ఫోను లైను: ఎలా పుట్టింది, మన జిల్లాలో ఏం చేస్తే నిలుస్తుంది

అడిగిన సంగతి ఇది: విజయనగరంలో పదిహేను మంది ఉన్నారు. కొందరు రిటైరైన టీచర్లు, ఒక నర్సు, మిగతావాళ్లు డిగ్రీ పిల్లలు. ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన ప్రతిసారీ పేపర్లో వచ్చే వార్తలు చదవలేక, చచ్చిపోవాలనే ఆలోచనలో ఉన్నవాళ్లు ఫోన్ చేసి మాట్లాడే హెల్ప్‌లైన్ ఒకటి పెట్టాలనుకుంటున్నారు. ఇరవై నాలుగు గంటలూ నడపాలని ఆశ. ఇలాంటివి అసలు ఎలా మొదలయ్యాయి, ఏమేం కావాలి, ఎక్కడ దెబ్బతింటాం అని ప్రశ్న.

పదిహేను మందితో ఇరవై నాలుగు గంటల లైను నడవదు. లెక్క కింద చూపిస్తాను. అదే పదిహేను మందితో చెయ్యదగ్గ పని ఇంకొకటుంది, దానికి హెల్ప్‌లైన్ కన్నా గట్టి రుజువు కూడా ఉంది. అక్కడికి వెళ్లేముందు చరిత్ర కొంచెం చూడాలి. ఈ పనిలో వలంటీర్లకి నూరిపోసే నియమాల్లో చాలావాటి వెనక ఎక్కడో ఎవరో నేర్చుకున్న పాఠం ఉంది. అది తెలియకుండా నియమం ఒక్కటే ఇస్తే మూడో వారానికి ఎవరూ పాటించరు.

లండన్‌లో చాద్ వారా అనే చర్చి ఫాదరీ 1953 నవంబర్ 2న సెయింట్ స్టీఫెన్ వాల్‌బ్రుక్ చర్చిలో ఈ ఫోను మొదలుపెట్టాడు. దాని మూలం 1935లో ఉంది. లింకన్ ఊళ్లో కొత్తగా చేరిన రోజుల్లో ఆయన అంత్యక్రియలు జరిపించినవాళ్లలో పదిహేనేళ్లు నిండని పిల్ల ఒకతె. ఆమె రజస్వల అయింది. అదేదో చెడ్డ రోగమనుకుంది. అడగడానికి మనిషి లేక ప్రాణం తీసుకుంది. పద్దెనిమిదేళ్ల తర్వాత ఆయన పెట్టిన ఫోను నంబరు మాన్ 9000. అప్పటి లండన్ ఫోన్లలో ఎక్స్ఛేంజి పేరు నుంచి మూడక్షరాలు, ఆ తర్వాత నాలుగంకెలు తిప్పేవారు. పోలీసులకీ మంటలకీ 999 అని 1937 నుంచే ఉంది. దానిలాగే ఒకసారి వింటే నోట్లో ఉండిపోయే నంబరు ఇది.

ఇంగ్లండ్‌లో అప్పటికి ఆత్మహత్యాయత్నం నేరం. ఆ చట్టం 1961 దాకా పోలేదు. అలాంటి చోట ఫోన్ చేసినవాణ్ని పేరూ ఊరూ అడిగితే వాడు ఫోన్ పెట్టేస్తాడు. పేరు అడగకపోవడం మర్యాద కోసం పుట్టింది కాదు, భయం వల్ల పుట్టింది.

రెండో పాఠం ఇంకా ముఖ్యం. ఫోన్ చేసినవాళ్లు చర్చికి వచ్చి కూర్చునేవారు. లోపల ఫాదరీ ఒకరితో మాట్లాడుతుంటే, బయట కూర్చున్నవాళ్లకి టీ ఇవ్వడానికి కొందరు మామూలు మనుషులు ఉండేవారు. కొన్ని నెలలకే ఒక సంగతి బయటపడింది. చాలామంది ఆ టీ ఇచ్చినవాళ్లతోనే మాట్లాడుకుని, లోపలికి వెళ్లే అవసరం లేకుండానే తేలికపడి లేచిపోతున్నారు. 1954 ఫిబ్రవరిలో వారా ఫోను వాళ్ల చేతికే ఇచ్చేశాడు. హెల్ప్‌లైన్ పుట్టింది ఆ రోజు అంటాను, ఫోను పెట్టిన రోజు కాదు. సమారిటన్స్ అన్న పేరు పత్రికవాళ్లు తగిలించింది, అదే నిలిచిపోయింది.

అమెరికాలో దారి వేరు. లాస్ ఏంజెలెస్‌లో 1958లో ష్నైడ్‌మన్, ఫార్బెరో అనే ఇద్దరు సైకాలజిస్టులు, లిట్‌మన్ అనే సైకియాట్రిస్టు కలిసి ఒక కేంద్రం పెట్టారు. వాళ్లది డాక్టరు చూపు: ప్రమాదం ఎంతుందో కొలవాలి, నేరుగా అడగాలి, అవసరమైతే మనుషుల్ని పంపాలి. సిడ్నీలో 1963 మార్చిలో అలన్ వాకర్ అనే మెథడిస్టు పాస్టరు లైఫ్‌లైన్ మొదలుపెట్టాడు. ఈ రెండు చూపులకీ మధ్య గొడవ ఇప్పటికీ ఉంది. ఇంగ్లండ్ పద్ధతిలో కాలర్ వద్దంటే అంబులెన్సు పంపకపోవడమే చాలాకాలం నియమం. అమెరికా పద్ధతిలో ప్రాణం మీదికి వస్తే అడక్కుండానే పంపుతారు. మీ పదిహేను మందీ మొదటి రోజే కూర్చుని తేల్చుకోవలసింది ఇదే. రాత్రి తొమ్మిదిన్నరకి ఫోను చేతిలో ఉండగా తేల్చుకోలేరు.

మన దేశానికి వస్తే, చెన్నైలో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ 1986లో స్నేహ అనే హెల్ప్‌లైన్ పెట్టారు. తెలుగువాళ్లకి హైదరాబాద్‌లో రోష్ని 1997లో వచ్చింది. పిల్లల కోసం 1098 ముంబైలో 1996లో మొదలైంది. ఇవన్నీ నగరాల్లో పుట్టినవి. మన పక్కకి ఎందుకు చేరలేదంటే, ఆ రోజుల్లో ఆమదాలవలస నుంచి హైదరాబాద్‌కి మాట్లాడాలంటే ఎస్టీడీ బూతు. గాజు తలుపు, నెత్తిమీద ఎర్రంకెలు పరిగెత్తే మీటరు, బయట వరసలో నిలబడ్డ నలుగురు. మాట్లాడటం అయ్యాక ఏ నంబరుకి చేశారో, ఎన్ని నిమిషాలో అచ్చేసిన చీటీ బూతువాడి చేతిలో. బూతువాడిది అదే వీధి. అక్కడ నిలబడి ఏడ్చేదెవరు? సెల్ ఫోన్ వచ్చాక ఆ గాజు తలుపు పోయింది గానీ చీటీ పోలేదు, కాల్ లిస్టు రూపంలో ఫోన్‌లోనే ఉంటోంది. ఇంటికంతటికీ ఒకటే ఫోను ఉన్న ఆడమనిషికి అది ఎస్టీడీ చీటీ కన్నా ప్రమాదం. కాబట్టి కాల్ ముగించేముందు "ఈ నంబరు మీ ఫోన్‌లో ఉండటం పర్వాలేదా, తీసేస్తారా?" అని అడగడం అలవాటు చెయ్యాలి. కాలర్ ఒప్పుకోకుండా తిరిగి ఫోన్ చెయ్యకూడదు, వాట్సాప్‌లో పలకరింపూ పంపకూడదు. తాళం వేసిన ఫోన్ మీద కూడా మెసేజ్ మొదటి లైను కనబడుతుంది.

ఉమ్మడి రాష్ట్రంలో 108 అంబులెన్సు 2005 ఆగస్టు 15న, ఆరోగ్య సలహాకి 104 2007లో వచ్చాయి. మానసిక ఆరోగ్యానికే ప్రత్యేకంగా టెలి మానస్ 2022 అక్టోబర్ 10న మొదలైంది. నంబరు 14416. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది. ఇరవై భాషల్లో ఉంది, తెలుగు వాటిలో ఒకటి. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ దీనికి కేంద్రం. కాల్ ముందు రాష్ట్ర సెల్‌లోని కౌన్సిలర్‌కి వెళుతుంది, వాళ్ల చెయ్యి దాటినదైతే సైకియాట్రిస్టుకీ, అక్కడి నుంచి జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికో మెడికల్ కాలేజీకో పంపుతారు.

చట్టం కూడా మారింది. పాత ఐపీసీ 309 కింద ఆత్మహత్యాయత్నానికి ఏడాది దాకా జైలు ఉండేది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, అమల్లోకి వచ్చింది 2018 మే 29న, దాని 115వ సెక్షన్ ప్రకారం ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, కేసు పెట్టి శిక్షించకూడదు. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 309 లాంటి సెక్షనే లేదు. ప్రభుత్వోద్యోగిని బెదిరించడానికో అడ్డుకోవడానికో చేస్తే మాత్రం 226 ఉంది. అయినా విషం కేసని ఆసుపత్రికి తీసుకెళితే ఎం.ఎల్.సి., అంటే పోలీసులకి తెలియజేసే మెడికో లీగల్ కేసు కాగితం, రాస్తారు, పోలీసు వచ్చి స్టేట్‌మెంట్ తీసుకుంటాడు. ఆ కాగితం చూసి కేసు పడిందని ఇంటిల్లిపాదీ వణికిపోతారు. అది శిక్ష కాదని తెలుగులో రెండు ముక్కలు చెప్పగలగడం వలంటీరుకి వచ్చి తీరాలి.

ఇప్పుడు లెక్క.

వారానికి 168 గంటలు. నాలుగు గంటల షిఫ్టు వేసుకుంటే 42 షిఫ్టులు. ఒంటరిగా ఎవరినీ ఫోను దగ్గర కూర్చోబెట్టకూడదు, షిఫ్టుకి ఇద్దరు తప్పనిసరి. అంటే 84 కుర్చీలు. ఒక మనిషి వారానికి ఒక్క షిఫ్టే చెయ్యాలి, అంతకు మించితే ఆరు నెలల్లో మానేస్తారు. జ్వరాలకీ పెళ్లిళ్లకీ పరీక్షలకీ పావు వంతు కలుపుకోండి: 105 మంది. మీ పదిహేను మందితో వచ్చేది రోజుకి ఒక్క నాలుగు గంటల షిఫ్టు, ఏడు రోజులూ, పద్నాలుగు కుర్చీలు, ఒక మనిషి అదనం. ఒకరికి విరోచనాలు, ఇంకొకరి మేనకోడలి పెళ్లి అంటే ఆ వారం ఒక సాయంత్రం లైను మూత. చెప్పిన వేళకి ఎత్తని హెల్ప్‌లైన్ లేని హెల్ప్‌లైన్ కన్నా చెడ్డది. పది సార్లు ఆలోచించి చేసిన ఒక్క ఫోను మోగి మోగి ఆగిపోతే, "ఇక్కడా ఎవరూ లేరు" అన్న మాటకి సాక్ష్యం దొరికినట్టవుతుంది.

లైన్ల సంగతి కూడా అంతే. ఒక సాయంత్రం నాలుగు గంటల్లో ఆరు కాల్స్ వస్తాయనుకోండి, ఒక్కొక్కటి ఇరవై నిమిషాలు. మొత్తం 120 నిమిషాలు, సగం వేళే. ఒక్క లైను చాలుననిపిస్తుంది. చాలదు. కాల్స్ వరసలో నిలబడి రావు, మీద మీద పడతాయి. టెలిఫోన్ ఇంజినీర్లు వంద ఏళ్లుగా వాడుతున్న ఎర్లాంగ్ సూత్రం ప్రకారం సగం నిండిన ఒక్క లైను మీద ప్రతి ముగ్గురిలో ఒకరికి ఎంగేజ్ టోన్ వస్తుంది. రెండు లైన్లు హంటింగ్‌లో పెడితే, అంటే ఒకటి బిజీగా ఉంటే కాల్ రెండోదానికి పోయేలా పెడితే, పదమూడు మందిలో ఒకరికి. రెండో లైను ఖర్చు కాదు, అదే అసలు లైను.

కరెంటు మరిచిపోకండి. పాత రాగితీగ ల్యాండ్‌లైన్ ఎక్స్ఛేంజి బ్యాటరీల 48 వోల్టుల మీద నడిచేది, ఇంట్లో కరెంటు పోయినా మోగేది. ఇప్పుడు ఫైబర్. ఇంట్లో ఉన్న చిన్న డబ్బాకి కరెంటు లేకపోతే ఫోను చచ్చినట్టే. ఆ డబ్బాకి 12 వోల్టుల మినీ యూపీఎస్ పెడితే మూడు నాలుగు గంటలు నెట్టుకొస్తుంది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస పక్క తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరీ జీడీ నేలకూలడమే కాదు, రోజుల తరబడి కరెంటు లేదు. మనుషులు కుంగిపోయే వారాలు అవే, మన ఫోను పనిచెయ్యని వారాలూ అవే. తుపాను నెలల్లో వేరే కంపెనీ సిమ్‌తో ఒక మామూలు కీప్యాడ్ ఫోను చార్జి పెట్టి ఉంచుకోవాలి.

తర్వాత భాష. ఇక్కడ కాసేపు ఆగుతాను, మన దగ్గర వలంటీరు అవసరం ఉన్నది అసలు ఇందుకే.

శ్రీకాకుళం వైపు ఒక మనిషి ఫోన్‌లో "అన్నీ ఒగ్గేసి ఎలిపోదునేటి అనిపిస్తంది" అన్నాడనుకోండి. ఎక్కడో దూరాన కూర్చున్న కౌన్సిలర్‌కి అది ఊరు విడిచి పోవడంలా వినబడుతుంది. తప్పేం లేదు, మన జిల్లాల్లో ఎలిపోవడమంటే చాలాసార్లు అదే: హైదరాబాద్ కట్టుబడి పనికి, చెన్నైకి, వేటకని గుజరాత్ వీరావల్‌కి. కానీ అదే మాటకి రెండో అర్థం ఉంది, చచ్చిపోవడమని. స్వరం పట్టుకుని, భయపడకుండా, "ఎలిపోడమంటే ఎటు బాబూ? ఊరొగ్గేసా, పేనమొగ్గేసా?" అని అడగగలిగేది ఇక్కడివాళ్లే. "మీకు ఆత్మహత్య ఆలోచనలు ఉన్నాయా" అనేది కాగితం మీద మాట. దానికి "నేదు" అనే జవాబొస్తుంది, ఎందుకంటే ఆ మాట పేపర్లో వచ్చే మనుషులది, తనది కాదు. "సచ్చిపోదామనిపిస్తందా?" అంటే నిజం వస్తుంది. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని ప్రతి కొత్త వలంటీరూ జంకుతాడు. పుట్టదు. ఈ విషయం మీద పరిశోధనలు చాలా జరిగాయి, అడగడం వల్ల ప్రమాదం పెరిగినట్టు తేలలేదు. చాలామందికి ఎవరో ఒకరు ఆ మాట పైకి అన్నందుకే ఊపిరి తిరుగుతుంది.

శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి జీవితమంతా జనం మాట్లాడే భాషలోనే రాయాలని పోట్లాడాడు, సవర గిరిజనులతో మాట్లాడటానికి వాళ్ల సవర భాష నేర్చుకున్నాడు. సీతంపేట పక్క నుంచి కాల్ వస్తుందనుకుంటే మీ జట్టులో సవర వచ్చిన మనిషి ఒకరుండాలి, ఇచ్ఛాపురం వైపుకి ఒడియా వచ్చినవాళ్లు ఒకరు.

ఒంటి మీద పెట్టి చెప్పేవాళ్లూ ఎక్కువ. "తల బరువు, గుండె దడ, నిద్దర నేదు, తిండి సయించదు" అని ఐదు నిమిషాలు చెప్పి, ఆఖరిన "పేనం ఇసిగిపోనాది" అంటారు. ఆ ఆఖరి మాట కోసమే ముందు ఐదు నిమిషాలూ. మధ్యలో ఆపి "బీపీ చూపించుకున్నారా" అంటే ఆ మాట రాదు. వరసలు పెట్టి పిలవడం మన అలవాటు, మంచిదే గానీ అక్కా, పిన్నీ, తాతా దగ్గర ఆగండి. కుర్రాడు కుర్రాణ్ని "మావా" అన్నాడంటే వేళాకోళంలోకి పోతుంది. ఆడపిల్లకి మీరు అనడమే మేలు, నువ్వు అనమని ఆమే చెప్పేదాకా.

కాల్ నడిచే తీరు చెబుతాను. "చెప్పండి, వింటున్నాను" అని ఎత్తాలి. "మీ సమస్య ఏమిటి" అంటే సమస్య ఒకటి తయారుచేసి చెప్పాలి కదా, తెలిస్తే ఫోన్ ఎందుకు చేస్తారు. మాట్లాడకపోతే పది సెకన్లకోసారి హలో హలో అనకూడదు. "ఉన్నాను. మీకు మాట్లాడాలనిపించినప్పుడే" అని ఊరుకోవాలి, రెండు మూడు నిమిషాల మౌనం మామూలే. సగం కథ విన్నాక, చచ్చిపోవాలనిపిస్తోందా అన్న పై ప్రశ్న అడగాలి. అవునంటే మూడు సంగతులు తెలుసుకోవాలి: ఎలా చెయ్యాలని అనుకున్నారు, అది చేతికందే దూరంలో ఉందా, ఇప్పుడు పక్కన ఎవరున్నారు. పల్లెలో చాలాసార్లు జవాబు ఇంట్లో ఉన్న పురుగుమందు. అప్పుడు ఉపన్యాసం వద్దు. ఆ డబ్బా ఈ రాత్రికి పక్కింట్లో పెట్టించగలమా, ఎవరు తీసుకెళతారు, ఫోన్ పెట్టకుండానే వాళ్లని పిలవగలరా. ఆ ఆవేశం ఎక్కువసార్లు గంటల్లో దిగిపోయేది. ఆ గంటల్లో వస్తువు దూరంగా ఉండటమే చాలామందిని బతికించింది. తమిళనాడు కడలూరు జిల్లాలో ఊరుమ్మడి గదిలో రైతులందరి పురుగుమందులూ తాళాల పెట్టెల్లో పెట్టించి చూసింది కూడా ఇందుకే.

ఇప్పటికే ఏదో తాగేసి ఫోన్ చేస్తే కథ వేరు. రెండో వలంటీరు 108కి చెయ్యాలి, మొదటివారు కాల్ వదలకూడదు. ఇద్దరు ఉండాలన్నది ఈ ఒక్క రాత్రి కోసం. ఊరూ వీధీ అప్పుడు అడగాలి, ఎందుకు అడుగుతున్నామో చెప్పే అడగాలి.

రహస్యం గురించి గోడమీద "ఎవ్వరికీ చెప్పం" అని రాయకండి. రెండు చోట్ల ఆ మాట నిలబెట్టుకోలేరు. ఒకటి, ప్రాణం మీదికి వచ్చినప్పుడు. 2017 చట్టంలో 23వ సెక్షన్ వైద్యులకి పెట్టిన హద్దు మీకూ కొలతగా సరిపోతుంది: ప్రాణాపాయం తప్పించడానికి ఎంత చెప్పాలో అంతే, ఒక్క ముక్క ఎక్కువ కాదు. రెండోది పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల మీద లైంగిక నేరం. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ కింద తెలిసినవాళ్లెవరైనా పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోతే శిక్ష. పదహారేళ్ల పిల్ల చెప్పడం మొదలుపెట్టగానే ఈ సంగతి ఆమెకి ముందే చెప్పాలి, చెప్పేశాక కాదు. చెప్పేశాక అన్నామంటే మోసం చేసినట్టే.

దెబ్బతినేచోట్లు ఎక్కువగా ఇవే. సలహాలు. టీచర్లతో మొదటి ఇబ్బంది ఇది, క్షమించాలి. నలభై ఏళ్లు చెప్పడమే పనైనవాళ్లకి ఊరుకోవడం కష్టం. శిక్షణలో ఇద్దర్ని వీపు వీపు ఆనించి కూర్చోబెట్టి, మొహం కనబడకుండా, పన్నెండు నిమిషాలు మాట్లాడించండి. మూడోవారు కాగితం మీద గీతలు పెట్టాలి: సలహాకి ఒకటి, "ధైర్యంగా ఉండు" లాంటి దానికి ఒకటి, "మీ అమ్మానాన్నల గురించి ఆలోచించావా" అన్నదానికి రెండు. తల్లిదండ్రులకి భారమయ్యాననే అనుకుంటున్న పిల్లాడికి ఆ చివరి మాట మరో బరువు. ఆరు ఆదివారాలు, రోజుకి ఐదు గంటలు, అందులో సగం ఇలాంటి అభ్యాసమే ఉండాలి. ఇంట్లో ఇలాంటి చావు చూసి ఏడాది తిరగనివాళ్లని ఫోను దగ్గర ఇప్పుడే కూర్చోబెట్టకండి, వేరే పని ఇవ్వండి. దేవుడి మాట తెచ్చేవాళ్లని, ఏ దేవుడైనా సరే, తీసుకోకండి.

ఆడ వలంటీర్లు మానేసేది అసభ్యంగా మాట్లాడే కాల్స్ వల్ల. సమారిటన్స్ ఒకప్పుడు అలాంటి కాలర్లని కూడా వినాలని కొందరు మహిళా వలంటీర్లని ప్రత్యేకంగా పెట్టి, 1987లో ఆ పద్ధతి మానుకుంది. మీరు మొదటి నుంచే ఒక వాక్యం ఖాయం చేసుకోండి: "దీనికి ఈ ఫోను కాదు, పెట్టేస్తున్నాను." చెప్పి పెట్టెయ్యాలి, సంజాయిషీ అక్కర్లేదు. ప్రతి షిఫ్టు చివరా ఆ రోజు కాల్ తీసుకోని పెద్దమనిషి ఒకరు పది నిమిషాలు ఫోన్ చేసి, ఏం విన్నారో వలంటీరు చేత చెప్పించుకోవాలి. ఇది మానేసిన చోట వలంటీర్లు ఆ మాటలన్నీ ఇంటికి మోసుకుపోతారు.

ఇంతా చెప్పాక నా మాట: కొత్త నంబరు పెట్టకండి. కనీసం మొదటి రెండేళ్లు. 14416 ఉంది, రాత్రి మూడింటికీ ఎత్తుతారు. మీరు ఎత్తలేరు. ఆ నంబరు జనానికి తెలియజెయ్యండి, జీడిపిక్కల మిల్లులో, జూట్ మిల్లు గేటు దగ్గర, డయాలసిస్ వార్డు బెంచీల ఎదురుగా. ముందు మాత్రం మీరే ఇచ్ఛాపురం నుంచీ, మందస నుంచీ, సాలూరు నుంచీ ఒక్కో కాల్ చేసి, భాష ఎంచుకునే దాకా ఎలా వెళుతుందో చూసి, ఆ మెట్లు అచ్చుగా కాగితం మీద రాయండి. "తెలుగుకి ఫలానా అంకె నొక్కండి" అన్న ఒక్క ముక్క లేక చాలామంది మధ్యలోనే పెట్టేస్తారు.

మీ పదిహేను మందీ చెయ్యవలసింది ఫోను మోగుతుందని కూర్చోవడం కాదు, ఫోన్ చెయ్యడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల్లో ఒక పని చేసి చూసింది, మన చెన్నై వాటిలో ఒకటి. ఆత్మహత్యాయత్నం చేసి ఆసుపత్రికి వచ్చిన 1,867 మందిని రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి మామూలు వైద్యం. రెండో భాగానికి వైద్యంతో పాటు డిశ్చార్జి అప్పుడు ఒక గంట మాట్లాడి, తర్వాత పద్దెనిమిది నెలల్లో తొమ్మిదిసార్లు పలకరించారు, ఫోన్‌లోనో ఇంటికి వెళ్లో. ఫలితాలు 2008లో వచ్చాయి. మామూలు వైద్యం భాగంలో ఆత్మహత్యతో పోయినవాళ్లు నూటికి 2.2, పలకరించిన భాగంలో 0.2. ఖరీదైన మందు లేదు, యంత్రం లేదు.

ఆ తొమ్మిది పలకరింపుల వేళలు: 1, 2, 4, 7, 11 వారాలు, తర్వాత 4, 6, 12, 18 నెలలు. మొదట దగ్గర దగ్గరగా, తర్వాత దూరంగా. రిజిస్టర్‌లో ఒక మనిషికి ఒక పేజీ. ఉదాహరణకి 2025 జూన్ 2, సోమవారం డిశ్చార్జి అయిన మనిషి పేజీలో ఆరోజే తొమ్మిది తేదీలూ రాసేయాలి: జూన్ 9, 16, 30, జూలై 21, ఆగస్టు 18, అక్టోబర్ 2, డిసెంబర్ 2, 2026 జూన్ 2, డిసెంబర్ 2. చూశారా, నాలుగో నెల తేదీ గాంధీ జయంతి, ఆ ఏడు దసరా కూడా అదే రోజు. ఇల్లంతా చుట్టాలుంటారు, మాట్లాడలేరు. ఒకటో తేదీనే చేసెయ్యాలి. విజయనగరంలో ఆ తర్వాతి మంగళవారం సిరిమానోత్సవం కాబట్టి వెనక్కి జరిపితే పని జరగదు, ముందుకే జరపాలి.

ఆసుపత్రి నెలకి పది మందిని ఒప్పించి మీకు అప్పగిస్తే, ఏడాదిన్నర తిరిగేసరికి నెలకి 90 కాల్స్, రోజుకి మూడు. పావుగంట చొప్పున ముప్పావు గంట. నలుగురు చాలు. ఆ 105 మంది లెక్క పక్కన దీన్ని పెట్టి చూడండి.

దీనికి కావలసిన అనుమతి ఆసుపత్రి సూపరింటెండెంట్‌ది, మాట సాయం అక్కడి సైకియాట్రీ విభాగానిది. విజయనగరంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2023 నుంచి నడుస్తోంది. శ్రీకాకుళంలో రిమ్స్ ఉంది. అంతకు మించిన కేసులకి విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల. రోగి వివరాలు ఆసుపత్రి మీకు నేరుగా ఇవ్వకూడదు. వార్డులో నర్సు అడగాలి, రోగి సంతకమో వేలిముద్రో పెట్టాలి, చుట్టాలది చెల్లదు. నర్సు అడగవలసిన మాట కూడా రాసివ్వండి: "ఇంటికెళ్లాక మావాళ్లు అప్పుడప్పుడు ఫోన్ చేసి ఎలాగున్నారో అడుగుతారు. చెయ్యమంటారా? ఏ వేళప్పుడు? ఎవరి ఫోన్‌కి?"

రెండు నంబర్లు రాసుకోవాలి. రీచార్జి అయిపోయి ఇన్‌కమింగ్ ఆగిపోవడం, సిమ్ మార్చెయ్యడం మన దగ్గర ఎక్కువ, పనికి పై ఊరు పోయినవాళ్లలో మరీను. వేరేవాళ్లు ఎత్తితే ఆసుపత్రి పేరు రాకూడదు, మనిషి పేరు అడిగి, లేరంటే "మళ్లీ చేస్తానండి" అని పెట్టెయ్యాలి. మూడుసార్లు మూడు వేర్వేరు వేళల్లో చేసినా దొరక్కపోతే ఏం చెయ్యాలో కూడా డిశ్చార్జి రోజే అడిగి ఉంచుకోవాలి: ఏఎన్ఎంని పంపొచ్చా, వద్దా. వద్దన్నవాళ్ల ఇంటికి వెళ్లకూడదు.

కాల్‌లో అడిగేవి కొంచెమే. ఎలాగున్నారు, నిద్ర పడుతోందా, మందులు ఆపేశారా, మళ్లీ ఆ ఆలోచన వచ్చిందా. మందు ఆపేసి ఉంటే తిట్టకండి. వాటికి డబ్బులు లేకో, తాగితే మగతగా ఉండి పనిలోకి పోలేకో ఆపుతారు. ఏది కారణమో రాసుకుని డాక్టరుకి చెప్పండి, మీరు మోతాదు మార్చమనకండి. ఆలోచన వచ్చిందంటే అదే ఫోన్‌లో పైన చెప్పిన మూడు ప్రశ్నలూ, ఆ సాయంత్రమే సైకియాట్రిస్టుకి కబురు. ఒకే వలంటీరు తొమ్మిదిసార్లూ చేస్తే మంచిది. ఏడోసారి నుంచి "ఇంకో రెండుసార్లు చేస్తాను" అని చెబుతూ రండి. తొమ్మిదో కాల్ నాడు హఠాత్తుగా ఇక చెయ్యం అంటే, వదిలేసినవాళ్ల జాబితాలో మీరూ చేరతారు. ఆరోజు 14416 వాళ్ల ఫోన్‌లో ఏ పేరుతో దాచుకున్నారో అడగండి. లేకపోతే కాల్‌లో ఉండగానే దాచుకోమనండి. ఎవరైనా చూసినా పర్వాలేదనిపించే పేరు వాళ్లనే పెట్టుకోనివ్వండి.